మొదటి ముద్ద

కారియరు కింది గిన్నెకి మూత బిగించి, దాని మీద తడిగుడ్డ చుట్టి, ఆ పైన కొంగు కప్పి కూర్చున్నా వాసన ఆగడం లేదు. ఎలా ఆగుతుంది, మొన్న వండిన చేప, వైశాఖమాసపు ఎండ, పైన రేకుల కప్పు. చిన్నమ్మలు కారియరుని కాళ్ళ మధ్య ఇరికించుకుని గోడకి జారబడింది. అవతల బెంచీ మీది సర్దార్జీ ముందు లేచాడు, తర్వాత ఇద్దరు బెంగాలీ బాబులు లేచారు, ఆ తర్వాత బంట్రోతు వచ్చి "అరే బాయీ, క్యా మరా హై ఇస్ మే? ఉధర్ లే జావ్" అని ముక్కు పట్టుకుని వెళ్ళిపోయాడు. పోతే పోనీ, వీళ్ళందరి ముక్కులూ లక్షణంగా ఉన్నాయి. ఆమె పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరలో, ఆ గిన్నెకి జానెడు దూరంలో ఆమె మొగుడు తాతబ్బాయి తలగుడ్డ విప్పి విసురుకుంటూ హాయిగా కూర్చున్నాడు. ముక్కు చిట్లించలేదు, మొహం తిప్పలేదు, ఈగలు ఎందుకు ముసురుతున్నాయని అడగనైనా లేదు. ఇంతకంటే ఇంకేం సాక్ష్యం కావాలి ఈ పెద్దమనుషులకి? వరండాలో అందరూ చూస్తూనే ఉన్నారు, లోపలికి వెళ్ళి ఒక్కడూ చెప్పడు.

లోపలంటే కోర్టు కూడా కాదు, టౌన్‌షిప్‌లో ఆఫీసర్లు సాయంత్రాలు ఆడుకునే క్లబ్బు. నష్టపరిహారం కేసులు వినే ఆఫీసరు ఉండేది దుర్గ్‌లో, కానీ మద్రాసు నుంచి వచ్చిన మెదడు డాక్టరు గారికి దుర్గ్ కచేరీ వేడి పడదని కంట్రాక్టరు వకీలు అర్జీ పెట్టుకుంటే విచారణ ఇక్కడికి మారింది. టేబుల్ టెన్నిసు బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి దాని వెనక ఆఫీసరుకి కుర్చీ వేశారు. దెబ్బ తిన్నవాడు మరోదా పాకల నుంచి ఎండలో నడిచి రావచ్చు, దెబ్బ లేదని చెప్పేవాడికి మాత్రం ఫ్యాను కావాలి. ఆ డాక్టరు గురునాథరావు గారు ఎంత నాజూకో, ఎంత శుభ్రమో, ఎవర్ని ముట్టుకున్నా వెంటనే వెళ్ళి చేతులు కడుక్కుంటాడు, సబ్బుబిళ్ళ తన డబ్బాలో తనే తెచ్చుకున్నాడు. పొద్దున తాతబ్బాయి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి తల ఎత్తాడు. సంతలో మేకపోతు పళ్ళు చూసేవాడు కూడా ఇంకాస్త మర్యాదగా పట్టుకుంటాడు.

చిన్న చిన్న సీసాలు తీశాడు. కళ్ళు మూసుకోమన్నాడు. కాఫీపొడి పెట్టాడు, ఏం వాసన అంటే తాతబ్బాయి "ఏటీ నేదు బాబూ" అన్నాడు. లవంగ నూనె పెట్టాడు, ఏటీ నేదు. ఇంగువ, గోడ పక్కనున్న ఆమె దాకా వచ్చింది ఆ ఇంగువ, ఏటీ నేదు బాబూ. చివర్లో ఇంకో సీసా మూత తీసి ముక్కు కింద పెట్టగానే తాతబ్బాయి తల వెనక్కి విదిలించాడు, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అమ్మోనియా అట. కంట్రాక్టరు వకీలు పెళ్ళివారింట్లో తాంబూలం అందుకున్నంత సంబరంగా నవ్వి ఇంగ్లీషులో ఏదో అడిగాడు, డాక్టరు ఒక్క మాటలో జవాబు చెప్పాడు, ఆఫీసరు రాసుకున్నాడు. తర్వాత తమ వకీలు యజ్ఞనారాయణ గారు తెలుగులో చెప్పాడు, మొహం తిప్పాడా అని అడిగారు, తిప్పాడన్నాడు, పుర్రె ఫొటోలో పగులు లేదన్నాడు, కాళ్ళూ చేతులూ గట్టిగా ఉన్నాయన్నాడు, అయిపోయింది, నీ మొగుడు ముక్కు పనిచేస్తూనే పనిచెయ్యడం లేదని నటిస్తున్నాడని తేల్చేస్తారు.

నటిస్తున్నాడా తాతబ్బాయి! చూరు కింద అడుగు పెట్టకుండానే పొయ్యి మీద ఏముందో చెప్పేవాడు. గంజి వార్చుతుంటే ఆ ఆవిరికే బియ్యం పాతవో కొత్తవో చెప్పేవాడు. అన్నంలో ఆవగింజంత తేడా వచ్చినా కంచం పక్కకి నెట్టి, ఒక్క మాట అనకుండా, చెంబుడు నీళ్ళు తాగి పడుకునేవాడు, ఆ మూగకోపానికి ఎన్నిసార్లు ఏడ్చిందో ఆమె. రాత్రులు ఆమె జుట్టులో మొహం పెట్టి, ఇయ్యాల నువ్వు కొబ్బరినూనె రాసినావు, ఇయ్యాల పుల్లలు తడిసిపోనాయి కదా, పొగ పట్టినాది అని చెప్పేవాడు, ఆమె సిగ్గుపడి తోసేసేది. ఆ తోసెయ్యడం తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఉక్కు ఫ్యాక్టరీని పెద్దది చేస్తున్నారని, కలాసీ పనివాళ్ళు కావాలని, బరువులు ఎత్తి తాళ్ళూ గొలుసులూ కట్టడంలో మన వైపువాళ్ళకి సాటి లేదని భీమిలి వైపునుంచి బస్తాల్లా రైల్లో వేసి తెచ్చారు. తెచ్చిన కంట్రాక్టరే, పైనుంచి క్రేను కొక్కెం ఊగి వచ్చి తాతబ్బాయిని వెల్లకిలా పడగొడితే, మూడో పూటకి వచ్చి చూసి, రక్తం రాలేదు కదా అన్నాడు. రాలేదు. అదే తప్పయిపోయింది. ఓ చెయ్యి తెగినా, ఓ కన్ను పోయినా ఈ సీసాలు ఉండేవి కాదు. తల వెనక దెబ్బకి పోయింది కంటికి కనపడని సరుకు, దాన్ని పోయిందని చెప్పడానికి కంటికి కనపడే మనిషి కావాలి, ఆ మనిషి మద్రాసు నుంచి రావాలి, ఆ మనిషిని పిలిపించే స్తోమత కంట్రాక్టరుకే ఉంది. కలాసీ తల కోసం రైలెక్కి వచ్చే మెదడు డాక్టరు ఈ చుట్టుపక్కల రాష్ట్రాల్లో లేడని యజ్ఞనారాయణ గారే చెప్పాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత ఎప్పుడో గోనెపట్టా మీద కిరసనాయిలు ఒలికితే దాని మీదే కూర్చుని బీడీ వెలిగించబోయాడు. ఆమె అరిచిన అరుపుకి పక్కపాక ఛత్తీస్‌గఢీ దీదీ పరుగెత్తుకొచ్చింది. అప్పుడు తెలిసింది ఇద్దరికీ. ఆ తర్వాత విరిగిన పాలు గటగటా తాగి, రాత్రంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగి, ఆ మర్నాటి నుంచి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద మళ్ళీ కంచంలోనే పెట్టేసేవాడు. ఏనుగంత గొలుసులు ఎత్తినవాడు అన్నం ముద్దకి భయపడ్డాడు. వారం తిరక్కుండా దవడలు లోపలికి పోయాయి. అప్పుడు ఆమె తలుపు గొళ్ళెం వేసి, కంచంలోంచి ఒక ముద్ద తను తిని, బాగుంది బావా, అంది. అతను ఆమె మొహంలోకి చూశాడు. తిన్నాడు. అంతే, ఆ రోజు నుంచీ అదే పద్ధతి, ముందు ఆమె ముద్ద, ఆమె బాగుందన్న తర్వాత అతని ముద్ద. తన పుట్టింట్లో మగవాడికంటే ముందు ఆడది ఎంగిలిపడటం ఆమె ఎన్నడూ చూడలేదు, తల్లికి తెలిస్తే గుండెలు బాదుకునేది, అందుకే గొళ్ళెం. ఇంత సంసారంలో అతను ఆమె మాట కోసం ఆగడం అదే మొదలు, ఆ ఆగడంలో ఉన్నంత నమ్మకం తాళి కట్టినప్పుడు కూడా లేదు, ఇంకేం లేకపోయినా అది ఉంది అనుకుంటూ నెట్టుకొస్తోంది.

మరి ఈ గిన్నె ఏమిటి, చిన్నమ్మలూ? ఈ గిన్నె ఎందుకు తెచ్చావు?

యజ్ఞనారాయణ గారి ఆలోచన అది. చేతులు రుద్దుకుంటూ చెప్పాడు, ఆ రుద్దుకోవడం కూడా ఆమెకి అసహ్యమే. మధ్యాహ్నం ఆఫీసరు ముందు కారియరు విప్పి అన్నం పెట్టినట్టు పెట్టు, బాగా మురిగిన చేప, నీ మొగుడు కళ్ళ ముందు తినేస్తాడు, గదిలో అందరూ ముక్కులు మూసుకుంటారు, ఆ పెద్ద డాక్టరు సీసాలు మూసుకుని రైలెక్కుతాడు. చింతపండు వెయ్యకు, పులుసైతే తొందరగా పాడవదు. వేరే దారి లేదు చిన్నమ్మలూ, ఓడిపోయామంటే కంట్రాక్టరు వీణ్ణి దొంగ రోగమని మళ్ళీ పనిలోకి లాగుతాడు, కోకు బట్టీల గ్యాసు గొట్టాల మీదికి ఎక్కిస్తాడు, ఆలోచించుకో. ఆలోచించింది. గ్యాసు లీకైతే అక్కడ ముందు ముక్కుకే తెలుస్తుంది, తోటి కలాసీలు వాసన పట్టి దిగి పరుగెత్తితే తాతబ్బాయి ఒక్కడే పైన మిగిలిపోయి, వీళ్ళంతా ఎందుకు పోతున్నారా అనుకుంటూ బీడీ తీస్తాడు. అది కళ్ళకి కట్టిన తర్వాత ఇక ఆలోచించలేదు, వండింది. మరోదా చెరువు చేప, మామూలుగానే బురద వాసన, సముద్రపు చేప తిని పెరిగిన నోటికి ఎప్పుడూ ఆనని చేప, కడిగి, పసుపు రాసి, ఉల్లిపాయ వేయించి, చెడిపోవడానికి వండింది. ఎప్పుడన్నా ఎవరన్నా అలా వండారా? కూర దించాక, ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి అలవాటుగా అరచేతిలో వేసుకుంది, ఎందుకు చూస్తున్నాననుకుని పొయ్యి ముందే కూలబడింది. ముందు ముద్ద తను తినకపోతే అతను తినడని ఆ వకీలుకి తెలియదు, చెప్పలేదు, గొళ్ళెం వెనక సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అంటే లోపల అందరి ముందూ ఆ మొహంలోకి చూసి, బాగుంది బావా, అనాలి. అది ఇప్పుడు ఈ వరండాలో కూర్చున్నాక తట్టింది ఆమె బుర్రకి.

చెప్పుల చప్పుడైంది. డాక్టరు గురునాథరావు గారు సబ్బుడబ్బాతో వరండా చివరి కొళాయి దగ్గరికొచ్చి, ఆగి, జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. అత్తరు రాసిన రుమాలు, ఆ అత్తరూ ఈ మురుగూ కలిసి ఇంకా ఘోరంగా ఉంది. కారియరుని చూశాడు. తర్వాత తాతబ్బాయిని చూశాడు, నిదానంగా, సీసాలతో చూసినప్పటికంటే శ్రద్ధగా చూశాడు. తాతబ్బాయి లేచి నమస్కారం పెట్టాడు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు డాక్టరు చక్కటి తెలుగులో.

"భీమిలి దగ్గర బాబూ."

"అలాగా. మా అమ్మమ్మగారిదీ అటువైపే."

ఆమెకి ధైర్యం వచ్చింది. "బాబూ, రొంప పట్టి ముక్కు దిబ్బడేసినా మిరపకాయలు ఏపితే ఘాటు తగుల్తాది కదా. మరి ఆ కడాకరి సీసా..."

"అంతేనమ్మా. అది వాసన కాదు, మంట. ముక్కు చచ్చినవాడికీ తగులుతుంది."

"మరి లోపల సెప్పలేదేటి బాబూ?"

"అతను మొహం తిప్పాడా అని అడిగారు. తిప్పాడు. అడిగినదానికి చెప్పాను, అబద్ధం చెప్పలేదు కదా." సబ్బు నురగ చేసుకున్నాడు, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు, ఎంతసేపు కడుగుతాడో. "మీ వకీలు అడిగితే దానికీ చెబుతాను."

వెళ్ళిపోయాడు. తుపుక్కున ఉమ్మాలనిపించింది ఆమెకి. తిట్టినవాడు, కసిరినవాడు, ఆ బంట్రోతు కూడా నయం, కోపమొస్తే కోపం చూపించాడు. ఈయన అమ్మా అన్నాడు, అమ్మమ్మగారి ఊరు చెప్పాడు, నిజమూ చెప్పాడు, కొళాయి దగ్గర చెప్పాడు, బల్ల దగ్గర మాత్రం నిజాన్ని చేప ముక్క కోసినట్టు కోసి తోక ఒక్కటీ పెట్టి వచ్చాడు. ఇలాంటివాడి కంచంలో మెతుకు ఎలా దిగుతుందో! దిగుతుంది, దిగబట్టే అంత నున్నగా ఉన్నాడు.

ఆమె లేచింది. గేటు దగ్గర యజ్ఞనారాయణ గారు టీ తాగుతున్నాడు, పరుగున వెళ్ళి చెప్పింది, సీసా సంగతి అడగండి బాబూ, అడిగితే సెప్తానన్నాడు. ఆయన గ్లాసు దించకుండానే తల ఊపాడు. "నిన్ను మాటల్లో పెట్టి ఏదో లాగాలని చూశాడు, నీకు తెలీదు. అడిగి లేనిపోనిది మెడకి చుట్టుకోలేను. మన చేప మనకుంది. రడీగా ఉండు." మన చేప అట. మురుగు వాసన తల్చుకుని ఆయన మొహం ఆనందంగా వెలిగిపోతోంది. తనకి తెలియకుండానే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. తనూ వీళ్ళలో మనిషే, వీళ్ళు చెప్పారు, తను వండింది.

తిరిగి వచ్చేసరికి వరండాలో గుంపు. తాతబ్బాయి కారియరు విప్పేశాడు. మంచి అన్నం ఉన్న పై గిన్నె పక్కన పెట్టి, కింది గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి, కుడిచెయ్యి కడుక్కుని సిద్ధంగా కూర్చున్నాడు. బెంగాలీ బాబులు ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు. బంట్రోతు "అరే భయ్యా, సడ్ గయా హై, ఫేంక్ దో" అంటున్నాడు. కాస్త ఎడంగా డాక్టరు గారు రుమాలుతో నిలబడి చూస్తున్నాడు. తాతబ్బాయి తినలేదు, ఆమె కోసం ఆగాడు.

"ఎక్కడికెళ్ళినావే, ఆకలేస్తంది. ఈళ్ళు సెడిపోనాదంటన్నారు." చుట్టూ చూసి, పరాయివాళ్ళ ముందు పరువుగా నవ్వాడు. "నువ్వు ఒండినాక సెడిపోద్దేటి? కూకో. ముద్దెట్టుకో."

ఎండకి పాడైపోయింది బావా, పారబోస్తాను, అంటే పోయేది. ఆ మాట ఉందని తర్వాత తట్టింది. ఆ నవ్వుల మధ్య, ఆ నమ్మకం ముందు, చెయ్యి తనంతట తనే వెళ్ళింది, రోజూ వెళ్ళే దారే, వేళ్ళు మెత్తటి ముక్క మీద పడ్డాయి, జిగురుగా సాగింది, నోట్లో పెట్టుకుంది. నాలుక వెనక్కి ముడుచుకుపోయింది, చెవుల దాకా వాసన కమ్మింది, మింగింది. "బాగుంది బావా" అంది. నవ్వులు ఆగిపోయాయి. అతను గిన్నెలోకి చెయ్యి పెట్టబోతే చటుక్కున లాక్కుని మూత వేసింది. "ఇది నాది. నీది ఆ గిన్నిలో ఉంది." ఇంతలో బంట్రోతుకి లోపలి నుంచి పిలుపు, తాతబ్బాయి హాజిర్ హో, అని అరిచాడు, అతను ఆకలితోనే లేచాడు, ఆమె కారియరు బిగించి పట్టుకుని వెనకే వెళ్ళింది.

లోపల ఫ్యాను గాలికి ఆకుపచ్చ గుడ్డ అంచులు కొట్టుకుంటున్నాయి. యజ్ఞనారాయణ గారు ఆమె వైపు కనుసైగ చేశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, ఆయన మొహం మాడింది. చేసేది లేక డాక్టరుని హిందీలో అడిగాడు, ఇందాక వరండాలో ఈ మనిషి పక్కనున్న గిన్నె దగ్గర మీరు ముక్కు మూసుకున్నారా లేదా? మూసుకున్నాను, అన్నాడు డాక్టరు. ఆ మనిషి మూసుకున్నాడా? లేదు. ఆఫీసరు తలెత్తాడు. డాక్టరు గొంతు సవరించుకుని, "అయితే ఆయన భార్య అందులోది తినడం కూడా నేను కళ్ళారా చూశాను. బాగుందని కూడా అంది. పాడైపోయినదాన్ని ఎవరూ తిని బాగుందనరు కదా" అన్నాడు. అంతా నిజమే, అక్షరం పొల్లు లేదు.

ఆమె మింగిన ముద్ద పైకి తన్నుకొచ్చింది. పళ్ళు బిగించింది. కక్కితే అతనికి తెలిసిపోతుంది, కక్కకపోతే గొట్టాల మీదికి ఎక్కిస్తారు, తెలిసిపోతుంది, ఎక్కిస్తారు, బావా, తెలిసిపోతుంది, చెమటలు పట్టాయి, డాక్టరు శుభ్రమైన గోళ్ళతో రుమాలు మడత పెట్టుకుంటున్నాడు, అత్తరు వచ్చింది. ఇక ఆమె చేతిలో లేదు. రెండడుగులు ముందుకి తూలి, ఆకుపచ్చ గుడ్డ మీద, డాక్టరు బూట్ల మీద భళ్ళున కక్కింది. గదంతా ఆ మురుగు. కంట్రాక్టరు వకీలు కుర్చీ తన్నుకుంటూ గోడ దాకా పోయాడు. ఆఫీసరు లేచి నిలబడి, ముక్కు మూసుకుని, గిన్నె తెరిపించి చూసి, ఈ మనిషి దీని పక్కనే కూర్చున్నాడా అని బంట్రోతుని అడిగాడు. పొద్దుట్నించీ సాహబ్, అన్నాడు బంట్రోతు. అప్పుడు డాక్టరు వైపు తిరిగి ఆఫీసరే అడిగాడు, ముక్కు చచ్చినవాడికి ఆ సీసా తగులుతుందా తగలదా? తగులుతుంది, అన్నాడు డాక్టరు బూట్లు చూసుకుంటూ. పొద్దున చెప్పలేదేం? నన్నెవరూ అడగలేదు. ఆఫీసరు చాలాసేపు రాసుకున్నాడు, యజ్ఞనారాయణ గారు ఆమె చెవిలో, గెలిచాం చిన్నమ్మలూ, ఇక వీణ్ణి గొట్టం ఎక్కించలేరు, అన్నాడు. ఆయన ఊపిరి తగలకుండా ఆమె పక్కకి జరిగింది.

తాతబ్బాయి గదిలో అందరి మొహాలూ చూశాడు, గిన్నె చూశాడు, నేల చూశాడు, చివరికి ఆమెని చూశాడు.

"నీకు ముందే తెల్సా?"

"తెల్సు బావా."

అతను వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది, అతను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఆమె నోరు పుక్కిలించుకుని, చేతులు కడుక్కుని, పై గిన్నె విప్పింది, ఇవాళ తెల్లారగట్ల వండిన అన్నం, కందిపప్పు, వేయించిన వడియాలు. ఒక ముద్ద కలిపి తను తింది. నెమ్మదిగా, అతనికి కనపడేలా నమిలి మింగింది.

"బాగుంది బావా" అంది.

తాతబ్బాయి గిన్నె అందుకున్నాడు. ఆమె మొహంలోకి చూడలేదు. లేచి, గుమ్మం దగ్గర నీళ్ళు చల్లిస్తున్న బంట్రోతు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో గిన్నె అతని ముక్కు దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు.

"భయ్యా, జర సూంఘ్ కే బతావ్. ఠీక్ హై నా?"